పెద్దసారు తప్పిన దెబ్బ

సిద్దిపేటకు రైలు రాని రోజుల్లో, రైలు చూడాలంటే ముందు బస్సెక్కాల్సి వచ్చేది. అందుకేనేమో, ప్రైవేటు బడిలో కొత్తగా సోషల్ టీచరుగా చేరిన నాకు పిల్లలకు ఎలాగైనా రైలు చూపించాలన్న పిచ్చి పట్టింది. వార్షికోత్సవానికి ఒక నాటిక రాశాను. అమెరికాలో తూర్పు నుంచి ఒక రైలు కంపెనీ, పడమటి నుంచి ఇంకో కంపెనీ పట్టాలు వేసుకుంటూ వచ్చి మొట్టమొదటిసారి కలుసుకున్న రోజు కథ. అట్టపెట్టెలతో రెండు ఇంజన్లు, మధ్యలో ఒక చెక్కదిమ్మె, దానిమీద పట్టాలను కలిపే ఆఖరి మేకు, బంగారు రంగు పూసింది. ఆ మేకు కొట్టే కంపెనీ దొర వేషానికి తొమ్మిదో తరగతి అమ్మాయిని తయారుచేశాను. తీరా ఆరోజు మా బడి యజమాని (ఊరంతా ఆయన్ను పెద్దసారు అనేది) "గంత పెద్ద మేకు పోరి ఏం కొడ్తది? నేనే కొడ్త" అంటూ కోటు తొడిగేశారు. కళ్లనీళ్లు తుడుచుకుంటున్న ఆ పిల్లకు కూలీ వేషం వేసి పక్కన నిలబెట్టాను.

పెద్దసారు సుత్తి ఎత్తి బలంగా కొట్టారు. మేకు ఎక్కడిదక్కడే ఉంది. దెబ్బ చెక్కమీద పడి, ఆయన టోపీ ముక్కుమీదికి జారింది. జనం ఘొల్లుమన్నారు. ముందు వరుసలో మా బాపు ఒక్కడే నవ్వలేదు. ఆయన మగ్గం ఆగిపోయిన ఏడాది అది. ఇంట్లోకి వచ్చేది నా జీతమొక్కటే. ఎలా వెళ్లానో తెలియదు, మైకు అందుకున్నాను. "నవ్వకండి. అమెరికాలో కూడా దొర కొట్టిన దెబ్బ తప్పిందట. చివరికి కూలీయే మేకు దిగగొట్టాడట!" అన్నాను. (ఒట్టు, పుస్తకాల్లో అలాగే ఉంది.) ఆ పిల్ల నావైపు చూసి, సుత్తి అందుకుని మేకును దిగేదాకా కొట్టింది. చప్పట్లు మోగాయి. పెద్దసారు మాత్రం కోటు విప్పి కుర్చీమీద పడేసి వెళ్లిపోయారు.

"నౌకరి ఉంటదా బిడ్డా?" దారిలో బాపు అడిగాడు.

మర్నాడు పెద్దసారు పిలిపించారు. "మేడమ్, నిజంగ గట్లనే జరిగిందా?"

"నిజమే సార్."

"మరి గది ముందుగాల చెప్పొద్దా? కావాల్ననే తప్పిద్దును గద!"

ఆ తర్వాత కనిపించినవాళ్లందరికీ, చరిత్రలో ఉన్నట్టే కావాలని దెబ్బ తప్పించానని ఆయన చెప్పుకున్నారు. పక్కనుంటే నేనూ గంభీరంగా తల ఊపేదాన్ని.

ఇప్పుడు నలుగురిలో నోరు విప్పాలంటే నాలుగుసార్లు ఆలోచిస్తాను. ఎవరూ అడగకుండానే మైకు అందుకున్న ఆనాటి కొత్త టీచరు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆమె నేనేనా అని కాస్త అసూయ కూడా కలుగుతుంది.