బంతి చేతిని విడవని సంవత్సరం

నా సహోదరీ సహోదరులారా, మైకు ముందు నిలబడటం కన్నా మైదానంలో నిలబడటమే నాకు తేలిక, అయినా దేవుడు చేసిన మేలును లోపల దాచుకుంటే అది దొంగతనమే అవుతుందని అమ్మ అన్నది, అందుకే వచ్చాను.

పోయిన సంవత్సరం ఇదే కాలానికి నేను బంతి విసరలేని పిచ్చర్‌ని. నా పని ఏమిటో మీలో చాలామందికి తెలియదు, నేను ఆడేది క్రికెట్ కాదు, బేస్‌బాల్. అందులో బ్యాటు పట్టుకున్నవాడికి బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. నేను ఆట మొదలుపెట్టే పిచ్చర్‌ని కూడా కాదు. ముందున్నవాడు అలసిపోయినప్పుడో, ఆట చేజారిపోతున్నప్పుడో నన్ను పిలుస్తారు, నేను పోయి నిలబెట్టాలి. బడిలో సాఫ్ట్‌బాల్ నేర్పిన పీఈటీ సారు నా చెయ్యి చూసి ఇటు తిప్పారు, జిల్లాకు ఆడాను, రాష్ట్రానికి ఆడాను, ఆఖరికి గల్ఫ్‌లో ఒక జట్టు జీతమిచ్చి తీసుకున్నది. కోరుట్లలో గల్ఫ్ పోయినవాళ్లు వాడవాడలా ఉన్నారు గానీ బంతి విసరడానికి పోయినవాడు నా కొడుకొక్కడే అని అమ్మ బీడీలు చుడుతూ అందరికీ చెప్పుకునేది.

మొదటి సీజన్ బాగా ఆడి సెలవులకు ఇంటికి వచ్చాను. జగిత్యాల మైదానంలో ప్రాక్టీసు చేస్తుంటే నా స్నేహితుడు సాజిద్ బ్యాటు పట్టుకున్నాడు. సాజిద్‌ది సిరిసిల్ల, వాళ్ల నాన్నతో కలిసి టైలరింగ్ దుకాణం నడుపుతాడు, రాష్ట్ర జట్టులో నా బంతులు పట్టే క్యాచర్ అతనే. ఆ రోజు నా చేతికి చెమట పట్టి బంతి జారింది, నేరుగా పోయి అతని కంటి కింద తగిలింది, చెంప ఎముక విరిగింది. కరీంనగర్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన మరునాడు నేను వెళ్లాను, తలుపు దగ్గర నుంచే అతని ముఖం మీది కట్లు చూశాను, కాలు లోపలికి పడలేదు, అలాగే వెనక్కి తిరిగి బస్సెక్కాను. వారం తిరగకుండానే విమానమూ ఎక్కాను.

సహోదరులారా, అక్కడ మొదటి ఆటలోనే నా చెయ్యి నాకు ఎదురు తిరిగింది. చెయ్యి పైకి లేస్తుంది, వేళ్లు మాత్రం బంతిని విడవవు, విడిచినా అది నేలకు కొట్టుకుంటుంది, లేకపోతే క్యాచర్ తల మీదుగా పోతుంది. బ్యాటు పట్టుకుని ఎవరు నిలబడినా నాకు సాజిద్ ముఖమే కనబడేది. స్కానింగ్ తీసిన డాక్టర్లు చేతికి ఏమీ లేదన్నారు. కోచ్ మంచివాడు, నెల రోజులు ఓపిక పట్టాడు, తర్వాత ఒక సాయంత్రం నా దగ్గరికి నడిచి వచ్చి నా చేతిలోని బంతి తీసుకుని, ఇంటికి పోయి బాగై రా అన్నాడు.

ఇంటికి వచ్చి అందరికీ అబద్ధం చెప్పాను, మళ్లీ సెలవులు ఇచ్చారని. ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వచ్చి ముందే వెళ్లిపోయేవాణ్ణి, ఎప్పుడు పోతున్నావని మీరు అడుగుతారని భయం. సాజిద్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. రోజూ తెల్లవారి మోకరించి, ఇంట్లో వినబడేంత గట్టిగా, ప్రభువా నా చెయ్యి బాగుచెయ్యి, నా చెయ్యి నాకు తిరిగి ఇవ్వు, అని ఒకటే ప్రార్థన, నెలల తరబడి. ఏ జవాబూ రాలేదు.

ఒకరోజు ప్రార్థన ముగించి లేస్తుంటే, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మ తల ఎత్తకుండానే అన్నది: “కొడుకా, రోజు నీ చెయ్యి గురించే అడుగుతున్నవు. ఆ పిల్లగాని మొకం గురించి ఒక్కపారన్న అడిగినవా?”

మళ్లీ మోకాళ్ల మీద పడ్డాను. “ప్రభువా, చెయ్యి సంగతి నీ ఇష్టం, నన్ను సాజిద్ ముందు నిలబెట్టు” అని ఏడ్చాను. ఆ పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కాను. రుద్రంగిలో బస్సు ఆగితే దిగి వెనక్కి వెళ్లిపోదామని సంచి కూడా పట్టుకున్నాను, ఎందుకు దిగలేదో నాకు తెలియదు, ఆయనకే తెలుసు.

దుకాణంలో సాజిద్ మిషన్ మీద ఉన్నాడు. నన్ను చూసి కాలు ఆపాడు.

“ఏంరా, తొవ్వ దొరికిందా ఇప్పటికి? కూసో.”

నేను కూర్చోలేదు. “సాజిద్, నన్ను మాఫ్ చెయ్యి. దవాఖాన్ల తలుపు కాడికొచ్చి వాపస్ పోయిన” అన్నాను.

“తెల్సు. అమ్మీ సూసింది నిన్ను.”

ఆ మాటకు నా తల వాలిపోయింది. కన్ను ఎట్లున్నదని మెల్లగా అడిగాను.

“రెండు నెలలు సూదిల దారం ఎక్కియ్యరాలే, అమ్మీ ఎక్కిచ్చి ఇచ్చేది. గిప్పుడు బరాబర్ ఉన్నది” అన్నాడు. గుడ్డ సర్దుతూ మళ్లీ అన్నాడు: “బాల్ ఆటల తాకింది, దానికి నేనేమనలే. నువ్వు రాకపోవుడు ఆటల కాదు కదరా.”

నేను ఏడ్చాను, అతనూ ఏడ్చాడు. వాళ్లమ్మ లోపలి నుంచి చాయ్ తెచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, అన్నం తినే పోవాలన్నది. తిన్నాక నా చెయ్యి సంగతి మొత్తం చెప్పాను. సాజిద్ అటక మీద నుంచి తన గ్లవ్, మాస్క్ దించి దుమ్ము దులిపాడు. నీ మీదికి విసరనన్నాను, గోడకు విసురుతానన్నాను. “గోడ వాపస్ మాట్లాడదురా. మాస్క్ ఉన్నది, ఎయ్యి” అన్నాడు.

ఆ మధ్యాహ్నం బడి మైదానంలో నేను వేసిన బంతులు సగం గోడ దాటాయి, సాజిద్ వెళ్లి తెచ్చాడు, మళ్లీ కూర్చున్నాడు. అద్భుతం ఒక్కరోజులో జరగలేదు, నెలలు పట్టింది. ఆదివారం తర్వాత ఆదివారం వేళ్లు మెల్లమెల్లగా వదులయ్యాయి, ఒకరోజు వరుసగా అన్ని బంతులూ అతని గ్లవ్‌లోకే పోయాయి. దేవునికే మహిమ! ఆ వీడియో కోచ్‌కు పంపితే ఈ సీజన్‌కు మళ్లీ పిలిచాడు. మొదటి ఆటలోనే, ప్రత్యర్థులు ఇద్దరు పరుగుకు సిద్ధంగా ఉన్నప్పుడు నన్ను దింపారు, మొదటి బంతి నేలకు కొట్టుకుంది, పాత భయం వచ్చింది గానీ నిలవలేదు, తర్వాతి బంతులతో ఆట నిలబెట్టాను, గెలిచాం. తర్వాత ఓడినవీ ఉన్నాయి, ఓడిన రోజు కూడా నిద్ర పట్టింది. సీజన్ ముగిసి ఇప్పుడు సెలవులకు ఇంటికి వచ్చాను.

చెయ్యి బాగైనందుకు దేవునికి స్తోత్రం. అంతకన్నా ముందు, అబద్ధంలో నుంచి, పిరికితనంలో నుంచి నన్ను బయటికి లాగినందుకు స్తోత్రం. సహోదరులారా, మీలో ఎవరైనా నాలాగే ఒకటే ప్రార్థన చేసి చేసి అలసిపోయి ఉంటే, ఆయన చెవి మూసుకున్నాడనుకోకండి, ఆయన ఇంకో సంగతి అడుగుతున్నాడేమో కాస్త వినండి, ఆయనను నమ్మి లేవండి. ఆరాధన అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, ఎవరికైనా కలిసి ప్రార్థన చేసుకోవాలని ఉంటే రండి. ప్రాక్టీసుకు పోదామని సాజిద్ బండి వేసుకుని వచ్చి బయట నీడలో కూర్చున్నాడు. మనం ఎంతసేపు ప్రార్థన చేసినా ఆగుతానన్నాడు.