నాలుగో సీసా

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల కథ ఎత్తుకుంటే ముందు నవ్వేదాన్ని నేనే. కౌలాలంపూర్‌లో మందుల షాపులో పనిచేస్తాను. నీడ కనబడిందని, ఎవరో పిలిచారని ఎవరైనా చెబితే ముందు బీపీ చూపించుకోమంటాను. ఇప్పటికీ దయ్యాలున్నాయని వాదించను. మా చెల్లెలు లలిత పెళ్లిలో నా చేతుల్లో జరిగింది మాత్రం చెబుతాను.

మా తమ్ముడు సింహాద్రి విహార నౌకలో వంటవాడు. ఆ ఓడ ఇటలీ చుట్టూ తిరిగేది. మేం పుట్టిన బాగన్ దాతుక్‌లో ఒడ్డంటే బురద, మడచెట్లు. ఒక్క దేశానికి ఇన్ని రకాల ఒడ్డులుండటం వాడికి మహా వింత. ఫోన్ చేస్తే అవే కబుర్లు.

"అక్కా, తూర్పు పక్క ఏడ్రియాటిక్‌లో ఎంత దూరం నడిసినా మోకాలి లోతే లా. పడమర పక్క అలా కాదు, రెండడుగులేస్తే ములిగిపోతాం" అనేవాడు. మలేసియాలో పెరిగినవాళ్లం కదా, మాట చివర ఆ 'లా' మాకలవాటు.

సెలవుకి వచ్చినప్పుడల్లా నాకో చిన్న సీసా తెచ్చేవాడు. ఏడ్రియాటిక్ ఒడ్డు మెత్తటి ఇసుక ఒకటి. దక్షిణాన అయోనియన్ సముద్రపు తెల్ల గులకరాళ్లు ఒకటి. వాయవ్యాన కొండలు నిట్టనిలువుగా నీళ్లలోకి దిగే లిగూరియన్ తీరం నుంచి బూడిదరంగు రాతి ముక్కలు ఒకటి. పడమర టిరేనియన్ సముద్రంలో నిప్పుకొండల దీవులున్నాయట. అక్కడ ఇసుక బొగ్గుపొడిలా ఉంటుందని, అయస్కాంతానికి అతుక్కుంటుందని చెప్పాడు. నాలుగో సీసాలో అది తెస్తానన్నాడు.

ఆ నల్ల ఒడ్డు దగ్గరే మునిగి చనిపోయాడు.

శవంతో పాటు ఇంటికి వచ్చినవాడు మోహన్. మా ఊరివాడే, అదే ఓడలో పనిచేసేవాడు. సింహాద్రి ఒక్కడే ఈతకు వెళ్లాడని, తను ఓడ వంటగదిలోనే ఉన్నానని, ఆ ఒడ్డు మీద కాలైనా పెట్టలేదని ఏడుస్తూ చెప్పాడు. మళ్లీ ఓడ ఎక్కలేదు. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లడం, పెరట్లో కొబ్బరికాయలు దింపించడం అన్నీ తనే చూసుకున్నాడు. అమ్మ వాడికి సింహాద్రి కంచంలోనే అన్నం పెట్టేది. కొన్నేళ్లకు లలితను వాడికిద్దామని మేమే అడిగాం.

ఇంట్లో పెళ్లి జరిగే ముందు, పోయినవాళ్లకు కొత్తబట్టలు పెట్టి, పేరుపెట్టి పెళ్లికి పిలవడం మా ఇంటి ఆచారం. పిలవాల్సింది ఇంటివాళ్లే. అమ్మ ఆ పని మోహన్‌కి అప్పజెప్పింది.

"నువ్వే పిలు నాయనా. నీ మాటంటే ఆడు తప్పకుండా వస్తాడు."

"నానెందుకత్తా? అక్క పిలుస్తది లా" అని వాడు వెనక్కి తగ్గాడు. అమ్మ వింటేనా! చివరికి తమ్ముడి ఫోటో ముందు చొక్కా పెట్టి, తల ఎత్తకుండా, "సింహాద్రీ, నా పెళ్లికి రారా" అన్నాడు.

మర్నాడు తీసి చూస్తే ఆ చొక్కా తడిసి ముద్దయింది. ఎవరో నీళ్ల చెంబు తన్నేసి ఉంటారని అమ్మ సర్దిచెప్పింది. నేనూ అదే అనుకుని ఎండేశాను. ఆరాక దాని మీద తెల్లగా ఉప్పు చారలు తేలాయి.

పెళ్లి మా ఊరికి దగ్గరి పట్నం తెలుక్ ఇంటాన్‌లో, ఒక హాల్లో, పట్టపగలు. నాన్న లేడు కనుక నేనూ మా ఆయనా పీటల మీద కూర్చుని వరుడి కాళ్లు కడిగాం. ఇత్తడి పళ్లెం చింతపండుతో నేనే తోమాను. చెంబులో నీళ్లు నేనే పట్టాను. మోహన్ బూట్లతో వచ్చి, తివాచీ మీదే బూట్లు విప్పి పీటెక్కాడు.

నేను నీళ్లు పోశాను. మా ఆయన వాడి కుడిపాదం రుద్దాడు. వేళ్ల సందుల్లోంచి నల్లటి ఇసుక దిగింది.

ముందు మురికనుకున్నాను. మళ్లీ పోశాను, ఇంకా దిగింది. పళ్లెం అడుగు కనబడటం మానేసింది. మరదళ్ల అల్లరి అనుకుని చుట్టూ నవ్వుతున్నారు. మోహన్ మాత్రం నవ్వలేదు. కాలు పైకి లాక్కోబోయాడు. రాలేదు. మా ఆయన ఎప్పుడో చేతులు తీసేశాడు. ఆ కాలిని పట్టుకున్నవాళ్లెవరూ లేరు.

"ఒగ్గీరా సింహాద్రీ! నా కాలు ఒగ్గీరా!" అని అరిచాడు.

నేను చెంబు కింద పెట్టాను.

"ఏటి సేసినావు మోహన్?" అని అడిగాను.

"ఇద్దరం కలిసే దిగినాం. ములిగిపోతా నా కాలు పట్టుకున్నాడు. నన్నూ లాగేస్తాడని బయిమేసింది. తన్నీసినాను."

అప్పుడు వచ్చింది కాలు, ఒక్కసారిగా. వెనక్కి పడ్డాడు. చీలమండ చుట్టూ ఎర్రగా వేళ్ల అచ్చులు. నేను చూశాను, మా ఆయన చూశాడు, పురోహితుడు చూశాడు.

తెర వెనక నుంచి లలిత లేచింది. బాసికం విప్పి పీట మీద పెట్టి అమ్మ పక్కన వెళ్లి కూర్చుంది. అమ్మ ఏడవలేదు. "నా కొడుకు కంచంలో తిన్నావు" అంది, అంతే.

మోహన్ ఇప్పటికీ ఆ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడట. డాక్టర్లకు ఏ లోపమూ కనబడలేదట. పాపం అంటారు మా బంధువులు. నేను అనను. మునిగిపోయేవాడు పట్టుకుంటే ఎవరికైనా భయం వేస్తుంది, నాకూ వేస్తుంది. కానీ ఆ కాళ్లతోనే మా గడప తొక్కి, మా అమ్మ చేతి ముద్ద తిని, మా పిల్లను చేసుకోబోయాడు. నడవనీ అలాగే.

పళ్లెంలోది పారబోయనివ్వలేదు. ఇంటికి తెచ్చి ఎండబెట్టి, ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం దగ్గర పెట్టాను. కుచ్చులు కుచ్చులుగా అతుక్కుంది. అంత ఇసుక ఒక మనిషి వేళ్ల సందుల్లో ఎలా పట్టిందో, అన్నేళ్లు ఎక్కడుందో నాకు తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి, వింటాను.

దాన్ని సీసాలో పోసి మిగతా మూడింటి పక్కన పెట్టాను. తెస్తానన్నాడు, తెచ్చాడు.