జైసల్మేర్ దారిలో ఏంజెలిన్

ఏంజెలిన్ పటాన్‌చెరులోని ఒక ఇనుప ఫౌండ్రీలో నర్సు. కొలిమి దగ్గర వడదెబ్బకు పడిపోయిన కార్మికులను ఎందరినో కాపాడిన మనిషి. నిరుడు మే నెలలో, అదే ఫౌండ్రీలో షిఫ్టుల్లో పనిచేసే భర్త ప్రభుదాసుతో కలిసి బీరంగూడ నుంచి కారులో రాజస్థాన్ ఎడారి చూడబోయింది.

జైసల్మేర్ దాటాక ఇంజను వేడెక్కి కారు ఆగిపోయింది. చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. గంటసేపు బానెట్ కింద తంటాలు పడిన ప్రభుదాసు ఉన్నట్టుండి ఇసుకలోకి నడవసాగాడు.

"యాడికి పోతున్నవ్?"

"షిఫ్టు టైమైంది."

ఏంజెలిన్ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. వడదెబ్బకు మతి తప్పిందని ఆమెకు అర్థమైంది. అతణ్ణి కారు నీడలో పడుకోబెట్టి, మిగిలిన రెండు సీసాల నీళ్లూ మెడ మీద, ఛాతీ మీద పోసి చున్నీతో విసరసాగింది. తన నాలుక పిడచగట్టినా ఒక్క గుక్క కూడా తాగలేదు. చేతులు పడిపోతున్నా ఆపలేదు.

చాలాసేపటికి అతను కళ్లు తెరిచాడు. "నీళ్లన్నీ నా మీదనే పోస్తే నువ్వేం తాగుతవే?"

మతి తిరిగొచ్చిందని తెలిసి ఆమె భోరున ఏడ్చింది.

ఇంకో అరగంటకు ఊళ్లకు నీళ్లు మోసే ట్యాంకరు ఒకటి వాళ్లను చూసి ఆగింది. ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చింది.