నీలప్ప, ఎర్రప్ప, మా బావి

మా కోడలి వంటింట్లో గోడకు తగిలించిన ఫోను చార్జరు ఎక్కువసేపు ఉంటే వేడెక్కి ఒక వాసన వేస్తుంది. ప్లాస్టిక్కూ, దాని మీద పేరుకున్న దుమ్మూ కలిసి మాడే వాసన అది. అనంతపురంలో ఈ మూడో అంతస్తు ఇంటికి వచ్చాక నా ముక్కుకు చాలా వాసనలు దూరమయ్యాయి. తడిసిన చెనక్కాయ కట్టె వాసన, పట్టుపురుగుల గదిలో కోసి పోసిన మల్బరీ ఆకు వాసన, గాడిపాటలో కట్టేసిన ఎద్దుల వాసన, ఇవేవీ ఇక్కడికి రావు. పిలవకపోయినా వచ్చేది ఈ ఒక్కటే. అది తగిలిన ప్రతిసారీ ముదిగుబ్బ అవతల మా ఊళ్లోని నడవ, టీవీ ముందు బోర్లా పడుకున్న ఇద్దరు పిల్లలు, వాళ్ల పక్కన వేడెక్కిన నల్లటి పెట్టె, గోడ అవతల నా తమ్ముడి దగ్గు, అన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి.

చిన్నతనం గురించి రాసేవాళ్లు చాలామంది తేనె పూసి రాస్తారు. చదువుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను సర్వే శాఖలో గొలుసు పట్టి ఇతరుల గట్లు కొలుస్తూ బతికినవాడిని. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. అందులో వాన, ఎండ, బావిలో నీళ్ల మట్టం, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నవి తప్ప తీపి మాటలు ఉండవు. ఇక్కడ చెప్పేది రెండు బాల్యాలు. ఒకటి నా మనవడు పవన్‌దీ, నా తమ్ముడి మనవరాలు భార్గవిదీ. తొంభైల చివర నేను రిటైరై ఊరు చేరాక అది నా కళ్ల ముందే గడిచింది. రెండోది నాదీ, నా తమ్ముడు నరసింహులుదీ. దాన్ని తలచుకోకుండా ఉండాలనే నా ప్రయత్నం. ఒక వీడియో గేములోని ఇద్దరు బొమ్మ మనుషులు దాన్ని తవ్వి బయటికి తీశారు.

మా నాయన పోయేముందు పొలాన్ని రెండు చేశాడు, ఇంటి నడుమ గోడ పెట్టించాడు, బావిని మాత్రం రెండు చేయలేకపోయాడు. అది మా రెండు పొలాల గట్టు మీద సరిగ్గా నడుమ పడింది. అందుకని ఒక రోజు నీళ్లు నావి, మరుసటి రోజు వాడివి. దాన్ని వంతు అనేవాళ్లం. నేను ఉద్యోగంలో ఉండగా నా వంతు నా కొడుకు పారించుకునేవాడు. రెండు పొలాల్లోనూ మల్బరీ, రెండిళ్లలోనూ పట్టుపురుగులు. పట్టుగూళ్లు అమ్మకానికి ధర్మవరం పోయేవి. ఆ బావిలో నీళ్లున్నంత కాలం మా ఇద్దరి కొడుకులూ ఊళ్లో ఉంటారు, నీళ్లు పోతే సంచులు సర్దుకుని బెంగళూరు బస్సెక్కుతారు. ఇది నాకూ తెలుసు, వాడికీ తెలుసు. తెలిసినందువల్లే మా మధ్య మాటలు తగ్గి, వంతు గురించి తప్ప ఇంక దేని గురించీ మాట్లాడుకోని స్థితికి వచ్చాం.

పిల్లలకు ఆ గోడ పట్టలేదు. చెనక్కాయ పీకే కాలంలో నా భార్య పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెడితే భార్గవి గోడ దూకి వచ్చి గిన్నె ముందు కూర్చునేది. ఆషాఢం గాలికి ఇంటి కప్పు మీది మట్టి రాలుతుంటే ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని బొరుగులు తినేవాళ్లు. పీర్ల పండుగకు గుండం దగ్గర పంచే చక్కెర ఇద్దరూ ఒకే చొక్కా జేబులో పోయించుకుని, దారి పొడుగునా వేళ్లు నాకుతూ, సగం కారిపోయాక ఇల్లు చేరేవాళ్లు. ఉగాదికి మా ఇంట్లో ఓళిగలు తిని, అదే చేత్తో గోడ అవతల ఓళిగలు తిని, ఎవరింటి ఓళిగ మెత్తగా ఉందో చెప్పకుండా తప్పించుకునేంత తెలివి ఆ పిల్లకు ఉండేది.

ఆ రోజుల్లోనే నా కొడుకు ధర్మవరం నుంచి ఆ నల్లపెట్టె తెచ్చాడు. టీవీకి తగిలించి, కేసెట్ పెట్టి, రెండు రిమోట్లు చెరొకరు పట్టుకుని ఆడాలి. ఆట కదలకపోతే కేసెట్ తీసి నోటితో ఊదాలి, మళ్లీ పెట్టాలి. నాకు ఆ పెట్టె మీద మొదటి రోజు నుంచీ కోపమే. దాని రొద, దాని పిచ్చి రంగులు, దాని ముందు పిల్లలు నోరు తెరుచుకుని ఉండిపోవడం, ఏదీ నచ్చలేదు. పైగా త్రీ ఫేజు కరెంటు రాగానే ఊరంతా మోటార్లు వేసేవాళ్లు. వోల్టేజి పడిపోయి టీవీలో బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయేది. అప్పుడు పవన్ "ఎవురు తాతా మోటరు ఏసింది?" అని అడిగేవాడు. వాళ్ల నాయన అయినా, చిన్నతాత అయినా వాడికి తేడా లేదు, ఇద్దరినీ కలిపి తిట్టేవాడు.

ఆటలో ఇద్దరు మనుషులు. ఒకడిది నీలం కవచం, ఒకడిది ఎర్ర కవచం. ఇద్దరి తల మీదా గాజు బుర్రలు. మట్టి ఎగిరే ఏదో గ్రహం మీద నడుస్తూ అడ్డమొచ్చిన ఇనుప పురుగులను కాల్చుకుంటూ పోతారు. అట్ట మీద వాళ్లకేవో నోరు తిరగని పేర్లు ఉండేవి. పిల్లలు వాళ్లను నీలప్ప, ఎర్రప్ప అన్నారు. పవన్ ఎప్పుడూ నీలప్ప, భార్గవి ఎర్రప్ప. కేసెట్‌తో పాటు ఇంగ్లీషులో నాలుగు మడతల కాగితం వచ్చింది. చదివి చెప్పమని ఒకరోజు ఇద్దరూ నా కుర్చీ దగ్గరికి వచ్చారు.

చదివాను. నీలప్పా ఎర్రప్పా పుట్టింది ఒకే గ్రహంలో. వానలు ఆగిపోయి అక్కడి నదులన్నీ ఇసుక అయిపోయాయి. ఇద్దరి తండ్రులూ నీళ్ల కోసం భూమి తవ్వే పనివాళ్లు, ఒకే సొరంగం కూలి ఇద్దరూ ఒకే రోజు పోయారు. పిల్లలిద్దరినీ ఒక ముసలమ్మ సాకింది. పెద్దయ్యాక నీలప్ప తన జనం కోసం నీళ్లు వెతకడానికి బయలుదేరాడు, ఎర్రప్ప ఆ నీళ్లను గుప్పిట్లో పెట్టుకుని రాజ్యం చేయడానికి బయలుదేరాడు. ఒకడు వీరుడు, ఒకడు ద్రోహి. కాగితంలో అంతే ఉంది.

భార్గవి కాగితం నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూసింది.

"ఇద్దురికీ కావాల్సింది నీళ్లే కదా పెద్దతాతా. ఈయప్ప మంచోడు, ఆయప్ప చెడ్డోడని ఎవురు చెప్పినారు?"

"ఇది రాసినోడు."

"ఆయప్ప యాడుంటాడు?"

"నీలప్ప ఇంట్లో."

పవన్ పగలబడి నవ్వాడు. భార్గవి నవ్వలేదు. "అయితే ఎర్రప్ప ఇంట్లో వాళ్లు రాసిండే కాయితం వేరే ఉంటాది," అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మేమిద్దరం కూడా అట్లా పుట్టినవాళ్లమే. మా చిన్నప్పుడు ఆ బావికి కపిల ఉండేది. తోలు బానను మోకుకు కట్టి, ఎద్దులు వాలులో దిగుతుంటే నీళ్లు పైకి వచ్చేవి. మా నాయన మోకు మీద ఎక్కి కూర్చునేవాడు. ఆయన ముందు నేను, నా ముందు నరసింహులు. వాలు దిగేటప్పుడు వాడు భయపడి నా చేతులను గోళ్లతో రక్కేవాడు. బాన పైకి వచ్చి కాలువలో బోర్లా పడే చప్పుడుకు ఇద్దరం కళ్లు మూసుకునేవాళ్లం. కరువొచ్చిన ఏడాది రాగి సంగటి పలచబడి అంబలి అయింది, అంబలి పలచబడి నీళ్లయింది. అప్పుడు అందరూ పొలాలు వదిలి కూలికి పోతుంటే మా నాయన బావిలోకి దిగి అడుగున ఇంకా తవ్వాడు. పైన గిలక దగ్గర మేమిద్దరం మట్టి తట్టలు అందుకున్నాం. చిన్నగా ఊట కనబడినప్పుడు ఆయన అరవలేదు, కిందినుంచి తడిమట్టి ముద్ద ఒకటి తట్టలో పెట్టి పంపాడు. దాన్ని చెరి సగం విరుచుకుని వాసన చూశాం.

అక్కడి నుంచి నేను చదువుకుని ఉద్యోగానికి పోయాను, వాడు బడి మాని ఎద్దుల వెంట పోయాడు. నా దృష్టిలో, నేను కష్టపడి చదువుకున్నందుకు నా వంతు కాజేయాలని చూసేవాడు నా తమ్ముడు. వాడి దృష్టిలో, జీతం తిని, పించను తింటూ, మట్టి తినేవాడి నోటి దగ్గర నీళ్లు లాక్కునేవాడిని నేను. కాగితం నేను రాస్తే వాడు ద్రోహి, వాడు రాస్తే నేను. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకటే. కొడుకు కళ్ల ముందు ఉండాలి.

తరవాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. బావిలో మోటారు వేసిన కాసేపటికే గాలి పీల్చడం మొదలుపెట్టింది. వంతు రోజున కరెంటు రాకపోతే ఆ రోజు పోయినట్లేనా, మరుసటి రోజు దాన్ని భర్తీ చేయాలా అనే దగ్గర తగువు ముదిరింది. ఒక పొద్దున బావి గట్టు మీద ఇద్దరం ఎదురుపడ్డాం.

"నీకు పించను ఉండాది కదన్నా," అన్నాడు వాడు. "నీకెందుకప్పా నీళ్లు?"

"ఈ బాయి తవ్విచ్చినోడు ఎవురురా?"

"మా నాయన."

"నాకూ ఆయప్పే నాయన."

"అట్లనా? నువ్వు ఊళ్లో ఉంటే గదా మాకు గుర్తుండేది," అని వాడు కండువా దులుపుకుని పోయాడు.

వారం తిరగకుండా వాడు నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు, నీళ్లున్న చోట కాయ నిలబడుతుందని మా వైపు అందరూ నమ్ముతారు. బావికి పది బారల దూరంలో వాడి పొలంలో కాయ నిలబడింది. ఇక్కడి జల మీ అన్న పొలంలోకి పోతాండాది, నువ్వు ఆపుకోకపోతే అంతా ఆయప్పే తాగుతాడు అని చెప్పాడట. తరవాత నేనూ పిలిపించాను. లెక్కల మనిషినైనా పిలిపించాను, ఎందుకంటే ఊళ్లో ఇంకో దారి ఎవరికీ తెలియదు. బావికి ఇటు పక్క నా పొలంలో కాయ నిలబడింది. జల నీ దిక్కునుంచే నీ తమ్ముడి దిక్కుకు పోతాండాదని నాకూ చెప్పాడు. ఒకే మనిషి, ఒకే టెంకాయ, ఒకే జల. ఆ మాటలు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలంటే మేమిద్దరం మాట్లాడుకోవాలి. మాట్లాడుకోలేదు.

ముందు వాడి బోరు లారీ వచ్చింది. ఆ పూట పిల్లలిద్దరూ మా నడవలో ఆటలో ఉన్నారు. బయట డ్రిల్లు రొదకు గోడలు అదురుతున్నాయి, తెల్లటి రాతి దుమ్ము కిటికీలోంచి వచ్చి టీవీ మీద, వాళ్ల జుట్టు మీద పడుతోంది. ఇద్దరూ కలిసి ఇనుప పురుగులన్నిటినీ చంపి మొదటిసారి చివరి మెట్టు చేరారు. అక్కడ ఒక గుహ, గుహ నడుమ నీలంగా మెరిసే నీళ్ల గుంట. గుంట దగ్గరికి రాగానే నీలప్పా ఎర్రప్పా ఎదురెదురుగా నిలబడ్డారు. అంతవరకూ కలిసి వచ్చినవాళ్లే ఇప్పుడు ఒకరినొకరు కాల్చుకోవాలి.

"వద్దులేరా," అంది భార్గవి. "రిమోట్లు కింద పెడదాం."

పెట్టారు. నేను కూడా కుర్చీలోంచి ముందుకు వంగి చూశాను. తెర మూలన అంకెలు తగ్గుతూ వచ్చాయి. సున్నా దగ్గర గుహ కప్పు కూలింది, ఇద్దరూ పడిపోయారు, తెర నల్లబడింది.

పవన్ నా వైపు తిరిగాడు. "కొట్టుకోకపోయినా సంపుతాడే తాతా ఈ ఆట చేసినోడు."

అప్పుడే బయట కేకలు వినిపించాయి. నా తమ్ముడి బోరులో నీళ్లు పడ్డాయి. కాసేపటికి నరసింహులు చొక్కా నిండా బురదతో మా గడప ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు, నా వైపు చూడలేదు.

"భార్గవీ, రా బయటికి. మన నీళ్లు మనకు పడినాయి. ఇంగ ఈ గడప తొక్కొద్దు."

ఆ పిల్ల రిమోట్ తీగ జాగ్రత్తగా చుట్టి టీవీ పక్కన పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నేనూ బోరు వేయించాను. నాకు నీళ్లు పడగానే వాడివి తగ్గాయి. వాడు ఇంకా లోతుకు దించాడు, నావి తగ్గాయి. నేను దించాను. నడుమ బావి ఎండిపోయి, వేలాడే మోటారు పైపు మీద కాకులు వాలేవి. రెండు మూడు వేసవులకు రెండు బోర్లూ నీళ్లకు బదులు దుమ్ము కక్కాయి. మల్బరీ కట్టెలు పొయ్యిలోకి పోయాయి. నా కొడుకూ వాడి కొడుకూ బెంగళూరు పోయారు. అక్కడ ఇద్దరూ ఒకే గది అద్దెకు తీసుకున్నారని చాలాకాలం తరవాత తెలిసింది. ఊళ్లో ఉన్నప్పుడు మా ముందు మాట్లాడుకోవడానికి భయపడినవాళ్లు వాళ్లు. వాళ్లను కళ్ల ముందు ఉంచుకోవడానికే మేము ఇద్దరం భూమికి తూట్లు పొడిచింది.

నా కోడలు పవన్ చదువు కోసం అనంతపురంలో కాపురం పెట్టింది, చివరికి నేనూ ఇక్కడికే చేరాను. ఇప్పుడు ఆ పొలాల్లో ఎండ కరెంటు పలకలు ఉన్నాయి. కపిల లేదు, గాడిపాటలో ఎద్దులు లేవు, చెనక్కాయ ఉడికే వాసన లేదు, గోడ దూకే పిల్లలు లేరు. చెరి సగం పొలం ఎవరికి వారే కౌలుకు ఇవ్వగలిగాం గానీ, బావి ఇద్దరి పేరా ఉండటంతో దాన్ని పూడ్చడానికి ఇద్దరమూ ఒకేచోట సంతకం చేయాల్సి వచ్చింది. పలకల కంపెనీ ఆఫీసులో ఒకే బల్ల ముందు కూర్చున్నాం. వాడికి చూపు తగ్గింది. సంతకం యాడ పెట్టాల అని గుమాస్తాను అడిగాడు, నన్ను కాదు. నేను వేలు పెట్టి చూపించాను. వాడు నా వేలు తగలకుండా, దానికి కింద పెట్టాడు. నాయన పోయాక మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే.

పూడ్చేటప్పుడు అడుగున తడిమట్టి కనిపించిందని లారీవాళ్లు ఊళ్లో చెప్పారు. ఆ మాట నాకు చెప్పడానికి వాడు రాలేదు. వాడికి చెప్పడానికి నేనూ పోలేదు.