మనుషుల్లేని ఊళ్లకు ఎర్రచుక్కలు

జెద్దాలో ఒక ఫ్రెంచి ఇంజినీరు ఇంటి గోడ మీద భూమేష్ పరాయి దేశపు ఊళ్లకు రంగులేస్తున్నాడు. ఇంజినీరు భార్యకు తన వెర్డున్ జిల్లా మీద బెంగ పుట్టి, ఆ పటం గోడ మీద వేయించుకుంటోంది. ఫ్రాన్సులో ఎంత చిన్న పల్లెకైనా కమ్యూన్ అని ఒక పంచాయతీ, దానికో సర్పంచూ ఉంటారట. ఒక్కో ఊరికి పచ్చరంగు నింపుతుంటే, ఆ పొలాల గట్ల మీద తానే నడుస్తున్నట్టు, ఎవరో ఇంట్లోకి పిలిచి మంచినీళ్లిచ్చినట్టు భూమేష్‌కు కలలొచ్చేవి. పని నత్తనడక నడిచిందంటే ఆ తప్పు కుంచెది కాదు మరి.

మెలకువలో ఏముంది గనక? సౌదీ వాళ్లను చాలినంతమందిని పెట్టుకోలేదని అతని కంపెనీ సర్కారు రంగుల పట్టిక నితాకత్‌లో ఎరుపులో పడింది. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు ఇక రెన్యువల్ కాదు. ఇంటికి పోదామంటే, సిరిసిల్ల దగ్గరి అతని ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగింది. భార్య ఊర్మిల కొత్త కాలనీలో ఉంటోంది.

"జిజాన్‌లో నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు పెయింటర్ కావాలంట. నీమీద పడే సర్కారు లెవీ గూడా ఆయనే కడతాడు. ఊరే లేనోనివి, యాడికి పోతావన్నా?" అన్నాడు కడప డ్రైవర్ ఖాజావలి. గురువారానికి మాట చెప్పాలి.

పటం పూర్తయ్యాక భూమేష్ ప్రతి ఊరి నడుమా ఒక ఎర్రచుక్క పెట్టాడు. పెట్టమని ఎవరూ చెప్పలేదు. నట్టనడుమ పాతిన బొడ్రాయి లేకుండా ఊరేమిటి? మేడమ్ చూసి గతుక్కుమంది. అది ఊరికి బొడ్డులాంటిదని వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పాడు. ఆమె కొన్ని చుక్కల మీద వేలు పెట్టింది. అవి మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగులకు నేలమట్టమైన ఊళ్లట. నూరేళ్లుగా అక్కడ ఒక్క గడపా లేదట. భూమేష్ నాలుక కరుచుకుని తుడవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచు. వాటికి ఇప్పటికీ సర్పంచులున్నారు."

"మనుషుల్లేని ఊరికి సర్పంచెందుకు మేడమ్?"

"ఆ ఊరివాళ్ల మనవలు ఏటా వస్తారు. ఎదురెళ్లేవాళ్లు ఒకరుండాలి కదా."

భూమేష్ కుంచె కింద పెట్టాడు. బయటికొచ్చి ఊర్మిలకు ఫోన్ చేశాడు. "కాలనీల బొడ్రాయి నిలిపిండ్రా?"

"యాడిది? పండుగ చేసి, బయటికిచ్చిన ఊరి ఆడబిడ్డలందర్ని పిలవాలె. ముందటవడేటోడు ఒక్కడు లేడాయె."

సాయంత్రం షరఫియా బజారులో ఖాజావలి చాయ్ ముందు పెట్టి, జిజాన్ మాటేమిటన్నాడు.

"వద్దు భాయ్. ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి వోత," అన్నాడు భూమేష్. "ఊరు మునిగింది గని ఊరి ఆడబిడ్డలు మునగలే. వాళ్లొస్తే ఎదురు వోవాలె."