నియమాలు రాసిన గుల్షన్ కొండెక్కిన రోజు

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్లున్నాయి. అలాంటి ఒక ఇంటి వసారాలో కూర్చుని, ఆకురాయితో గరిటె కాడలు నున్నగా చేసే ముప్పయ్యొక్కేళ్ల మనిషి గుల్షన్. గరిటెలకు నూనె పట్టించి ఆరబెట్టిన వేళల్లో ఫోన్‌లో ‘ఏడు కోటలు’ అనే ఆట ఆడుతుంది. ఆ ఆట అభిమానులంతా కలిసి తెలుగులో ఒక వికీ నడుపుతున్నారు. ఎవరైనా రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన పుస్తకమన్నమాట. ఏ తలుపుకు ఏ తాళం, ఏ కోటలో నీళ్లెక్కడ దొరుకుతాయి, అన్నీ అందులో ఉంటాయి. ఆ వికీలో ఎలా రాయాలో చెప్పే నియమాలు గుల్షన్‌వే. అక్కడ ఆమె పేరు ‘గరిట’.

నియమాలు పద్నాలుగు. ఆడి చూసిందే రాయాలి, విన్నది రాయకూడదు. మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చారో ఒక వాక్యం రాయాలి. పొగడ్తలు వద్దు. ఈ కథ చెబుతున్న నేను ఊళ్లు పట్టి తిరిగిన రోజుల్లో పాత తాళపత్రాలు చాలానే చూశాను. నకలు రాసినవాడు ఆఖర్న, మూలంలో ఉన్నదే రాశాను, తప్పుంటే నన్ననకండి అని చేతులు దులుపుకునేవాడు. వికీలో ఆ వెసులుబాటు లేదు. ఎవరు ఏ అక్షరం మార్చినా, మార్చకముందున్న రాతతో సహా వాళ్ల పేరు మీద చరిత్ర పేజీలో నిలిచిపోతుంది. దాన్ని దాచే అధికారం నిర్వాహకులకే ఉంటుంది. గుల్షన్ నిర్వాహకురాలు కూడా.

అంత కట్టుదిట్టంగా నియమాలు రాసిన మనిషి, మొన్న మే నెలలో ఒక బుధవారం నాడు వాటిని తనే తప్పింది. ఆటలో మూడో కోట మీద ఒక దొన, అంటే రాతిలో నీటి గుంట, ఉంటుంది. దాన్ని చూసి ముచ్చటపడి, ‘ఇలాంటి దొన మా ఉదయగిరి దుర్గం మీద కూడా ఉంది, పాడుబడ్డ మసీదు దాటాక ఎడమకు పోవాలి’ అని పేజీ చివర ఒక మాట చేర్చింది. దుర్గం ఆమె ఎన్నడూ ఎక్కలేదు. వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, కరీంబీ చెప్పగా విన్నది.

కరీంబీ వయసులో ఉండగా గరిటెలకు కావలసిన కర్ర కొండ మీది నుంచే తెచ్చేది. ఆ పని చేసిన ఆడవాళ్లు దారి చెప్పేటప్పుడు పైనుంచి కిందికే చెబుతారు. ఎక్కేటప్పుడు చేతులు ఖాళీ, ఎటు పోయినా ఒకటే. దిగేటప్పుడు తల మీద మోపుంటుంది కనుక ప్రతి మలుపూ గుర్తుంటుంది. కరీంబీ చెప్పిన ఎడమ, దిగేవాళ్లకు ఎడమ. గురువారం మాటల్లో ఆ సంగతి బయటపడగానే గుల్షన్ సిగ్గుపడి, ఎడమను గప్‌చుప్‌గా కుడి చేసేసింది. ఎందుకు మార్చిందో రాయలేదు.

శనివారం పొద్దున ఏడింటికి వికీ వాళ్ల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పంపింది ఆత్మకూరు అమ్మాయి కరుణశ్రీ. డిగ్రీ అయిపోయిన పిల్ల, వికీలో చురుగ్గా రాసే మనిషి. ‘దుర్గం ఎక్కతన్నా. సిగ్నల్ ఉండదని బుధవారమే పేజీ ఫోటో తీసి పెట్టుకున్నా. నీళ్లు దొన కాడ పట్టుకుంటా.’

గుల్షన్ అది పది దాటాక చూసింది. బుధవారం అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది. ఫోన్ చేస్తే కలవలేదు. ఎడమ దోవ ఎక్కడికి పోతుందని కరీంబీని అడిగితే, “అటేముండాదే, లోయ. మేకలు గూడా పోవు” అంది. ఎండాకాలంలో దొనలో నీళ్లుంటాయా అని అడగడానికి గుల్షన్‌కు నోరు రాలేదు.

ఫోన్ చేస్తూనే ఉండగా రెండింటికి ఆటో తోలే సైఫుల్లా వచ్చాడు. గుల్షన్‌ను ‘ఆపా’, అంటే అక్కా అని పిలిచే చిన్నాన్న కొడుకు. వెనకాలే చెమటతో తడిసిన ఒక పెద్దాయన. కరుణశ్రీ తండ్రి కొండలయ్య.

“ఆపా, నువ్వు గూడా ఆ ఆట ఆడతావు గదా. దొన కాడికని పొద్దున కొండెక్కిన ఈయన బిడ్డ ఇంకా దిగలా. ఈ గరిట అనేవాడు ఎవుడో తెలుసా? వికీలో వాడు రాసిందాన్ని పట్టుకోని కుడి దోవంతా గాలించినాం. మనిషి లేదు. ఇంకా కుడికి, అవతలి వాలు దాకా పోతన్నాం.”

“ఆ గరిటెగాడు దొరికితే కాళ్లిరగ్గొడతా” అన్నాడు కొండలయ్య. ఆ మాటలో తిట్టు కంటే ఏడుపే ఎక్కువ వినిపించింది.

గుల్షన్ ఒళ్లో ఫోన్ ఉంది. తెర మీద చరిత్ర పేజీ తెరిచే ఉంది. బుధవారం రాతను దాచేసే మీట వేలి కిందే ఉంది. నొక్కితే ఎడమ అని రాసింది తనేనని ఎవరికీ తెలియదు. కేసు, పోలీసులు, ఊళ్లో మాటలు, ఏవీ ఉండవు. వాళ్లు మాత్రం కుడికే పోతారు, చీకటి పడేదాకా వెతుకుతారు.

“ఏందే, ఆ ఫోన్నే చూస్తుండావు?” అంది కరీంబీ.

“నేనే గరిటను” అంది గుల్షన్. “ముందు ఎడమ అని రాసినాను. తర్వాత మార్చినాను. ఆ పిల్ల కాడ ఉండేది పాతది. కుడికి పోబాకండి.”

కొండలయ్య కళ్లు ఆమె చేతుల మీద ఆగాయి.

“ఆ దోవ నువ్వు చూసినావా?”

“లేదన్నా.”

“చూడకుండానే రాసినావా?”

“విని రాసినాను.”

“నడు. ఇప్పుడు చూద్దువు గాని.”

రాళ్లు పెనంలా కాలుతున్నాయి. మసీదు దాటి ఎడమకు తిరిగాక దారే లేదు. కంప, జారుడు రాయి, పక్కనే లోతు. తోవలో ఒక చోట ఖాళీ నీళ్ల సీసా పడుంది. దాన్ని చూసి కొండలయ్య కూలబడ్డాడు. సైఫుల్లా లోయ అంచున పడుకుని కేకేశాడు. మళ్లీ కేకేశాడు. గాలి తప్ప ఏమీ లేదు.

గుల్షన్‌కు ఒకటి తట్టింది. వికీలో వాళ్లిద్దరూ ఒకరికొకరు తెలిసింది వేరే పేర్లతో, అక్కడ కరుణశ్రీ పేరు ‘పెన్న’. “పెన్నా! నేను గరిటను!” అని గొంతు చించుకుని అరిచింది.

కింద కంపల్లోంచి రాయి మీద రాయి కొట్టిన చప్పుడు వచ్చింది. ఒకసారి. కొంచెం ఆగి ఇంకోసారి.

దిగి చూస్తే కరుణశ్రీ ఒక బండ నీడలో ఉంది. పెదాలు పగిలాయి, కుడి మడమ వాచి నల్లబడింది. మాట పెగల్లేదు. సైఫుల్లా నీళ్లు గుక్కగుక్కగా తాగించి, తువ్వాలు తడిపి నెత్తిన వేశాడు. గుల్షన్ దగ్గరకు పోకుండా దూరంగా నిలబడింది.

“ఏంది, అట్టనే చూస్తా నిలబడినావు?” అన్నాడు కొండలయ్య. “నిన్ను తిట్టేది ఆస్పత్రికి పోయినాక తిడతా. ముందొచ్చి ఆ కాలు పట్టుకో. మెల్లిగా. కదిలిందంటే చూడు.”

సైఫుల్లా, కొండలయ్య పిల్లను భుజాల కింద పట్టి ఎత్తారు, గుల్షన్ వచ్చి కాలును రెండు చేతులతో పట్టుకుంది. కింద వెలుతురు తగ్గుతోంది. అడుగు వేసే ముందు ప్రతి రాయినీ పాదంతో నొక్కి, కదలదని తేలాకే బరువు మోపుతూ దిగింది.