మోకాళ్ళ వెనక మచ్చలు

ఇల్లు వదిలి వెళ్ళి తిరిగి రాని మనిషి, ఇంటిని మరిచిపోయినట్టేనా? చిన్నప్పటినుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. దీన్ని నేను అడిగినప్పుడల్లా విసుక్కోకుండా విన్న మా మేనత్త పోయిన నెల ధర్మవరంలో కన్నుమూసింది. పొద్దున ఒక గంట నేసి, కాఫీ తాగి, అరుగు మీద కూర్చుందట. ఫోన్ చేసిన ఆమె కూతురు, నాకు వదిన, "అంతే పాపా, కూర్చునింది కూర్చున్నట్లే పోయింది" అని చెప్పింది.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఇంకా నేస్తూ ఉందా అని అడిగేవాళ్ళకు మా అత్త తెలియదన్నమాట. మామ పోయిన పదిహేనో రోజున ఆమె గుంటమగ్గంలోకి దిగింది. నేల మీద గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి తొక్కే మగ్గం అది. "ఆడదానివి, మగ్గమెందుకు?" అన్న పెద్దమనిషిని, "నువ్వొచ్చి తొక్కుతావా అన్నా?" అని అడిగిందట. ఆయన మళ్ళీ ఆ వీధిలో కనపడలేదని చెప్పి పడీపడీ నవ్వేది.

మా ఇంట్లో పెద్దల అమావాస్యనాడు, పోయినవాళ్ళకు పేరుపేరునా కొత్త బట్ట పెడతాం. పీట మీద దీపం ముందు వరసగా బట్టలు మడిచి పెట్టి, ఒక్కొక్కరి పేరూ పిలుస్తాం. ఆ రోజు అత్త పుట్టింటికి వచ్చి పీట తనే సర్దేది. ఆ వరసలో ఒకచోట జానెడు జాగా వదిలేసేది. అది మా ముత్తాతది, అంటే అత్తకు తాత.

ధర్మవరంలో మగ్గం నేసే ఆయన, ఒక కరువులో మద్రాసుకు నడిచి వెళ్ళి, సముద్రం అవతల నేటాల్ చెరుకు తోటలకు పోయే ఓడ ఎక్కాడు. ఓడ ఖర్చు తోటలవాళ్ళది. దానికి బదులు అయిదేళ్ళు పని చేస్తానని వేలిముద్ర వేయాలి. అప్పటికి ఆయన భార్య నిండు గర్భిణి. కడుపులో ఉన్నది మా తాత. అయిదేళ్ళు దాటాయి. మనిషి రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు. అందుకని ఆమె బొట్టు తీయలేదు, ఆయనకు బట్ట పెట్టనివ్వలేదు. "పోయినాడని తెలీకుండా బట్ట పెడితే, ఉన్నోన్ని మనమే చంపినట్లు" అనేదట. ఆ జాగాను ఆమె కోడలు కాపాడింది, తర్వాత మా అత్త కాపాడింది.

"ఉంటే నూట నలభై ఏళ్ళుంటాయి అత్తా, ఇంకా అనుమానమా?" అన్నాను ఒకసారి.

"పోయినాడని నీకెవరు చెప్పిరి?" అంది అత్త. మళ్ళీ తనే, "నేను పోయేలోపల ఆ జాగా నిండాల పాపా. నా తర్వాత ఎవురికి గుర్తుంటాది?" అంది. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు.

ఆ ఓడల పట్టీలు ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతున్నాయి. ఓడ ఎక్కే ముందు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, ఒంటి మీది గుర్తులు రాసేవాళ్ళు. కాలేజీలో పాఠాలు అయ్యాక రెండేళ్ళు వెతికాను. చివరికి మా ముత్తాత పేరుతో ఇద్దరు తేలారు. తండ్రుల పేర్లూ ఒకటే. మా వైపు ఇంటికొకరుండే పేర్లవి. వృత్తి ఇద్దరికీ సేద్యమనే ఉంది. ఒకరిది ధర్మవరం, భుజం మీద పుట్టుమచ్చ. ఇంకొకరిది బెళుగుప్ప, రెండు మోకాళ్ళ వెనక నల్లటి మచ్చలు. నేను ధర్మవరం మనిషి కాగితాన్ని అచ్చు తీసుకుని, పరీక్ష పాసైన పిల్లలా అత్త దగ్గరికి పరుగెత్తాను. రెండో కాగితం ఎందుకైనా మంచిదని సంచీలో వేసుకున్నాను.

అత్త రెండూ చదివించుకుంది. రెండోది మళ్ళీ చదవమంది. తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్ళి వీధి అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికేసి, చీర మోకాళ్ళదాకా ఎత్తి వెనక్కి తిరిగింది.

"చూడు."

రెండు మోకాళ్ళ వెనక, గుంట అంచు నొక్కీ నొక్కీ కాయలు కాచి, చర్మం నల్లగా కమిలి ఉంది.

"సేద్యగానికి ఈ మచ్చ యాడిది? నేతగాన్నంటే చెరుకు తోటకు తీసుకోరని అబద్ధం చెప్పింటాడు. నోరు చెప్పింది రాసుకున్నారు, మోకాళ్ళు చెప్పింది గూడా రాసుకున్నారు. ఈయనే మా తాత!"

"మరి బెళుగుప్ప అని ఉందే?"

"మా జేజి పుట్టినూరు అది. కాన్పుకు ఆడికే పోయిండె. పెండ్లాం యాడుంటే ఆ ఊరు చెప్పినాడు. ఏమే, ఇంత సదువు సదివి పుట్టుమచ్చ పట్టుకోని వస్తివే!"

నేను చదివింది పట్టీని, ఆమె చదివింది మనిషిని. అయినా అనుమానించడం నా గుణం. మచ్చలున్న నేతగాళ్ళు ఎందరో ఉంటారు కదా అని, ఆ పట్టీ నంబరుతో నేటాల్ రేవు పట్నం డర్బన్‌లోని తెలుగువాళ్ళకు ఉత్తరాలు రాశాను. ఎనిమిది నెలలకు ఒకామె బదులిచ్చింది. ఆ నంబరు మనిషికి ముని మనవరాలట.

వీడియో కాల్‌లో ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే నేను అత్తకు తెలుగులో చెప్పాను. ముసలాయన అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, కూరగాయలు పండించుకున్నాడు, అక్కడే పోయాడు. తర్వాత ఆమె నవ్వుతూ ఒక సంగతి చెప్పింది. ఇంటి వెనక మోకాలి లోతు గుంట తవ్వుకుని, సాయంత్రాలు దాని అంచున, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చునేవాడట. ఎందుకో ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదట. మగ్గం లేదు, దారం లేదు. ఉత్త గుంట.

నేను చెప్పడం పూర్తికాకముందే అత్త లేచి నిలబడింది. "దొరికినాడు!" అని అరిచిన అరుపుకు పక్కింట్లో మగ్గం ఆగింది. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వెళ్ళి, ఇంటింటికీ బెల్లం పంచింది.

"ఏం పెద్దమ్మా, ఎవురు దొరికింది?"

"మా తాత."

"ఇన్నాళ్ళు యాడికి పోయిండె?"

"యాడికో పోయిండెలేప్పా. గుంట మాత్రం ఇడవలేదు!"

పోయిన ఏడాది పెద్దల అమావాస్యకు ఆమె తన చేత్తో నేసిన పట్టు పంచెను ఆ జానెడు జాగాలో పెట్టింది. నూరేళ్ళకు పైగా మా ఇంట్లో ఎవరూ పిలవని పేరును గొంతెత్తి పిలిచింది. పక్కన ఒక రవిక గుడ్డ కూడా పెట్టింది. అదెవరికని అడిగాను. "ఆడ చేసుకున్న ఆయమ్మకు. ఆయమ్మ అన్నం పెట్టింటేనే గదా మా తాత బతికింది." అలా అనడం నా వల్ల అయ్యేది కాదు. ఆ రోజు అత్త అన్నం తినేటప్పుడు కూడా నవ్వుతూనే ఉంది.

ఈ ఏడాది పీట నేనే సర్దాలి. ఖాళీ జాగా ఉండదు. వరస చివర ఇంకొక చీర చేరుతుంది.

ఆ ఉత్త గుంట గురించి మాత్రం అత్త ఒక్కోరోజు ఒక్కో మాట చెప్పింది. "మమ్మల్ని తలుచుకోని కూర్చునింటాడు" అనేది ఒకసారి. "కాళ్ళు ఆ కూర్చోవడానికి అలవాటు పడింటాయి, అంతకంటే ఏముండాది" అనేది ఇంకోసారి. చెరుకు దేశంలో, సాయంత్రం ఎండలో, లేని మగ్గాన్ని తొక్కుతూ కూర్చున్న ఆ మనిషి నాకు రోజూ కనిపిస్తాడు. ఆయన మమ్మల్ని తలుచుకున్నాడో, ఊరికే కాళ్ళు చాపుకున్నాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.